ఎడమ చిటికెన వేలు

రిహార్సల్లో హెప్సిబా ఎడమ చిటికెన వేలిని కావాలనే ఎత్తి పట్టుకుంది. అయినా పియానోలో ఆ వేలు నొక్కాల్సిన స్వరం పలికింది.

"నేను నొక్కలేదు జోగారావుగారూ."

"మీరు మర్చిపోయారనుకుని అదే పలికించిందమ్మా," అన్నాడు పియానోలు బాగుచేసే జోగారావు, వాయించేవాళ్ళ తప్పులు సరిదిద్దే లోపలి సవరణ పెట్టె మీది దుమ్ము తుడుస్తూ. ఇప్పుడు ఆ పెట్టె లేని వాద్యం ఏ హాల్లోనూ లేదు.

"విప్పెయ్యండి."

"హాలువాళ్ళు మిమ్మల్ని మళ్ళీ పిలవరు. జనం తప్పు విని ఇరవై ఏళ్ళయింది. పైగా మీ వేలు బిగుసుకుపోయింది."

"నలభై ఏళ్ళు అరగదీసిన వేలు. బిగుసుకున్నా నాదే. మీరు విప్పుతారా, నన్ను విప్పమంటారా?"

అతను స్క్రూడ్రైవర్ తీశాడు.

సాయంత్రం కచేరీలో ఆ వేలు జారి పక్క కీ మీద పడింది. అపస్వరం హాలంతా మోగింది. ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలెత్తారు. ఆమె ఆగలేదు. ఆ భాగాన్ని రెండుసార్లు వాయించాలి కనుక మళ్ళీ మొదటికి వెళ్ళింది. అదే చోటు దగ్గరపడుతుంటే హాలు ఊపిరి బిగబట్టింది. ఇన్నేళ్ళలో తన కోసం జనం భయపడటం ఇదే మొదటిసారి.

వేరే వేలు వాడితే సులువే. హెప్సిబా ఆ కీ నొక్కడానికి చిటికెన వేలే ఎత్తింది.