కందిరీగ వాలిన గోరు

“కందిరీగ సంగతి తర్వాత. మీ బొటనవేలి గోటి మీద ఆ నల్లగీత ఎన్నాళ్లనుంచి ఉంది?”

ఫోన్‌లో వచ్చిన ఆ జవాబు చదివి ఆమె నొసలు చిట్లించింది.

భర్త ముప్పై ఏళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ నడిపాడు. ప్రెస్సు మూతపడ్డాక కందిరీగల పిచ్చి పట్టుకుంది. నువ్వుగింజంత ఉండి, గొంగళిపురుగుల ఒంట్లో గుడ్లు పెట్టే రకాలు. కిటికీ గట్టు మీద చచ్చిపడినవాటిని ఏరి, ఎడమ బొటనవేలి గోటి మీద పెట్టుకుని, ఫోన్‌కి చిన్న అద్దం తగిలించి దగ్గరగా ఫోటో తీసేవాడు.

ఫోటో చూసి ఏ రకమో చెప్పేవాళ్ల గ్రూపు ఒకటుంది. ఆయన వేళ్లు మొద్దువి. రాసేదంతా ఆమే.

పేరు తెలిసిన రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఆమెకి అదే చాలు.

“ఏమంటున్నాడు భూతద్దం?”

రెక్కలో ఒక్క ఈనె తేడా ఉన్నా పట్టేస్తాడని గ్రూపులో అతన్ని అలా పిలిచేవారు. అసలు పేరు ఎవరికీ తెలీదు.

“మీ గోటి మీద పడ్డాడు.”

“ముప్పై ఏళ్లు సిరాలో నానిన చెయ్యి. గీత లేకపోతేనే వింత. పురుగు పేరు చెప్పమను.”

పేరు వచ్చింది. దాని కింద మళ్లీ అదే ప్రశ్న.

“ఇవి లోపల తినేస్తుంటే గొంగళికి తెలీదాండీ?” ఆమె మాట మార్చింది.

“తెలిస్తేగా! పైకి హాయిగా ఆకు మేస్తూనే ఉంటుంది” అని నవ్వాడు.

రెండు నెలల తర్వాత భూతద్దం ఆమెకి విడిగా రాశాడు.

“మీ అయిదు ఫోటోలు వరసగా పేర్చి చూశాను. దారపు పోగంత ఉన్న గీత అగ్గిపుల్లంత అయింది. సిరా మరకైతే గోరు పెరిగేకొద్దీ ముందుకి జరిగి పోవాలి కదా. డాక్టరుకి చూపించండి.”

ఆమెకి భయమేసింది. భయమేసిన కొద్దీ కోపమొచ్చింది.

“పోనీ, ఒకసారి చూపిద్దామా?”

“గోటికి ఆస్పత్రా? నవ్విపోతారే.”

పదిరోజులకి కొత్త ఫోటో చూసి భూతద్దం గ్రూపులో అందరి ముందే రాశాడు. “నలుపు గోరు దాటి చర్మంలోకి దిగింది. ఇవాళే వెళ్లండి. దణ్ణం పెడతాను.”

“భూతద్దంగారూ, చెయ్యి చూసి జాతకం కూడా చెబుతారా?” ఎవరో వేళాకోళం చేశారు. ఇంకా నలుగురు నవ్వారు.

భర్త ఫోన్ పక్కన పెట్టేశాడు. “ఇక ఫోటోలు వద్దులే.”

ప్రెస్సు మూసేసిన రోజు ఇంటికొచ్చిన మొహం అది.

ఆమె ఫోన్ అందుకుంది. “పురుగుల సంగతి చూసుకోండి, చాలు. మా ఇంట్లో చావు వెతక్కండి” అని రాసింది. రాసి, అతన్ని బ్లాక్ చేసింది.

నాలుగు రోజులు బతిమాలితే భర్త మళ్లీ ఫోటోలు మొదలుపెట్టాడు. ఈసారి కందిరీగని తెల్లకాగితం మీద పెట్టాడు.

ఆ గోరు ఇక ఎవరికీ కనబడలేదు.

ఏడు నెలలకి ఆయన చంకలో గడ్డ తేలింది.

డాక్టరు గడ్డ తడిమి, వేళ్లు ఒక్కొక్కటే చూస్తూ బొటనవేలి దగ్గర ఆగాడు.

“దీన్ని ఎవరూ చూడలేదా?”



“ఒకాయన చూశాడండీ” అన్నాడు భర్త.

“గోటి కింద పుట్టిన క్యాన్సర్, చంకదాకా పాకింది. అప్పుడే వచ్చుంటే ఒక్క వేలితో పోయేది.”

“ఇప్పుడు?”

డాక్టరు పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు.

ఇద్దరూ బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

“ఆయనెవరో పెద్ద డాక్టరై ఉంటాడే” అన్నాడు భర్త. “తప్పయిందని రాయి.”

ఆమె బ్లాక్ తీసి, మొదటిసారిగా అతని పేజీ తెరిచింది. అన్నిటికన్నా పైన అతని చెల్లెలు రాసిన మాటలున్నాయి.

“మా అన్నయ్య పోయి నెలయింది. ఊరంతా ఉత్తరాలు పంచాడు, పురుగుల్ని ప్రేమించాడు. మీ అందరికీ సెలవు చెప్పమన్నాడు.”

“డాక్టరేనా?”

“కాదండీ. పోస్ట్‌మాన్.”

“మరి ఎలా తెలిసింది?”

ఆమె అతను తీసిన ఫోటోలు మొదటినుంచీ చూసింది. ఆరేళ్ల కిందటి ఫోటోలో కందిరీగ అతని బొటనవేలి గోటి మీదే ఉంది. దాని కింద సన్నటి నల్లగీత. పదో ఫోటోలో అగ్గిపుల్లంత. ఇరవయ్యో ఫోటోలో గోరంతా నలుపు. చివరి ఫోటోలో కందిరీగ అరచేతిలో ఉంది. ఆ చేతికి బొటనవేలు లేదు.

కింద వందలమంది రాశారు, రెక్కలు మెచ్చుకున్నారు, మీసాల గురించి వాదించుకున్నారు, ప్రతి కందిరీగకీ సరైన పేరే పెట్టారు. గోటి సంగతి మాత్రం అతన్ని ఒక్కరూ అడగలేదు.