కల్వకుర్తి లింగయ్య మోటారు

మోటారు దగ్గింది. దగ్గి, మూలిగి, ఆగింది. ఆ వెనుకనే ఎవరో వేస్తున్న సన్నని ఈల ఒకటి సాగింది.

తడికె వెనుక జొన్నరొట్టె చరుస్తున్న ఈరమ్మ చేయి పిండి మీదనే నిలిచిపోయింది.

వనపర్తి బాటపక్కన ఆమెది ఒంటి పొయ్యి, ఒంటి బతుకు. ఏడేండ్లుగా అంతే. తెల్లవారగానే నుదుట కుంకుమ దిద్దుకొనేది, పొయ్యి రాజేసేది, బాటసారులకు రొట్టెలమ్మేది. పొద్దుగుంకేవేళ ఒక్క రొట్టె ఎక్కువ చేసి బుట్టలో మూసిపెట్టేది. మరునాటి మధ్యాహ్నం ఆ చద్దిరొట్టెను తానే తినేది. ఎవరికోసమని అడిగేవారు లేరు.

ఆ ఊళ్లో ఆమెను వరుసపెట్టి పిలిచేవాడు పక్కింటి వెంకట్రాములు ఒక్కడే. "అక్కా" అనేవాడు. జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేవాడు.

ఆ వెంకట్రాములే ఇప్పుడు పాత మోటారు కొంటున్నాడు. తాతలనాటి చెలక భూమి అమ్మేశాడు. నాగర్‌కర్నూలు దాకా జనాన్ని తిప్పి బతకాలని అతని ఆశ.

"బండి నీదేనా?" అతను తోడు తెచ్చుకున్న మోటారు మిస్త్రీ జాఫర్, బండి అమ్మవచ్చిన మనిషిని అడుగుతున్నాడు.

"నాది గాక నీదా, సాయిబూ? కల్వకుర్తి లింగయ్యనంటే నేనే. కాగితం చదువుకో."

జాఫర్ మోటారు ముందరి రేకు ఎత్తాడు. ఇంజను మీది నంబరును ఉర్దూ కాగితంతో అంకె అంకె పోల్చాడు.

"నంబరు కలిసింది. పేరు లింగయ్యనే. బండి సాఫ్, కాగితం సాఫ్. మనిషినే నేనెరుగ. జర ఆలోచించు, వెంకట్రాములూ. దొంగబండి కొన్నోణ్ణే పోలీసు అమీన్ ముందుగాల లోపలేస్తడు."

"గంత పరేషానెందుకు?" ఆ మనిషి నవ్వాడు. "వద్దంటే చెప్పుండ్రి, కొల్లాపురంల అమ్ముకుంట."

ఈరమ్మ తడికె సందున చూసింది. చాలాసేపు చూసింది. తరువాత వెంకట్రాములును పెరటివైపు పిలిచింది.

"వద్దు తమ్ముడూ. గీ మనిషి లింగయ్య గాదు."

"నీకెట్ల తెలుసక్కా?"

"కల్వకుర్తిల రోడ్డు పనికి పోయినప్పుడు లింగయ్యను చూసిన. ఆయన కుంటుకుంట నడుస్తడు."

"మరి గీ బండి?"

"బండిని ఎన్నడు చూడలే."

వెంకట్రాములు వెళ్లి అడిగాడు. ఆ మనిషి తొడ చరిచి మరీ నవ్వాడు.

"కల్వకుర్తిల లింగయ్య ఒక్కడేనా? కుంటోడొకడు, మంచిగ నడిచెటోణ్ణి నేనొకణ్ణి! తడికెల వెనకాలి మాటలు పట్టుకొని బేరం చెడగొట్టుకుంటవా?"

జాఫర్ కూడా నవ్వాడు. వెంకట్రాములు నవ్వలేదు. మళ్లీ పెరట్లోకి వచ్చాడు.

"ఇంతకు ఎవరక్కా ఆయన? పేరు చెప్పు. మొఖం మీదనే అడుగుత."

ఈరమ్మ పెదవులు కదిలాయి. మాట వెలువడలేదు.

"తెల్వదా?"

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"గిట్లయితే ఎట్లక్కా! చెలక పాయె. చేతికొచ్చిన బండిని గూడ ఇడిసిపెడితే, నేనేం జేసుకొని బతకాలె?"

వెంకట్రాములు వెళ్లిపోయాడు.

తడికె సందున అంతా కనబడుతూనే ఉంది. వెంకట్రాములు నడుముకు కట్టుకున్న సంచి ముడి విప్పుతున్నాడు. ఆ మనిషి ఇటు వీపుపెట్టి, అటు చేయి చాచి, మళ్లీ ఈల వేస్తున్నాడు. రేపో మాపో అమీన్ వస్తాడు. అక్కా అని పిలిచే ఒక్క గొంతూ జైలు పాలవుతుంది.

ఈరమ్మ బుట్టమూత తీసింది. నిన్నటి రొట్టెను వీధికుక్కకు వేసింది. పిండిచేతులతోనే తడికె దాటి, బాటమీదికి వచ్చి నిలుచుంది.

పెండ్లినాడు గడపకు అడ్డం నిలిచి ఆడబిడ్డలు ఎంత సతాయించినా పెదవి దాటనివ్వని పెనిమిటి పేరును, ఆ మనిషి ఈల తెగి గిరుక్కున వెనుదిరిగేటట్టు, ఈరమ్మ నలుగురిలో గొంతెత్తి పిలిచింది: "తిమ్మప్పా!"