మిగిలిన రాయి

సృష్టిలో ఉన్నదంతా పదిమందీ పంచుకోవడానికేనని పెద్దలు చెబితే నమ్మినవాణ్ణి. మరి ఎన్ని భాగాలు చేసినా సమంగా తెగని సంఖ్యల్ని దేవుడు ఎందుకు పుట్టించాడన్నది ఏళ్లుగా నాకు తీరని సందేహం.

వరదలో పోయినవాళ్ళ కోసం గోడ కడుతున్నారు. మనిషికో రాయి, రాతి మీద పేరు. మొత్తం వెయ్యిన్నీ తొమ్మిది.

"వరసలు సమంగా రావడం లేదు సార్" అన్నాడు రాతిమేస్త్రి.

"రావు." ఇంజనీరు తల పట్టుకున్నాడు. "అది ప్రధాన సంఖ్య. దేనితో భాగించినా తెగదు. అన్నీ ఒకే వరసలో పేర్చాలి, లేదా ఊరుకోవాలి."

"ముందే చూసుకోవద్దా?"

"పోయేవాళ్ళు లెక్క చూసుకుని పోతారా మేస్త్రీ?"

"పోనీ, ఖాళీ రాళ్ళు కలిపితే?"

"పేర్లు మర్చిపోయామంటారు జనం" అని కమిటీ పెద్ద విసుక్కున్నాడు. "ఒకటి తీసెయ్యండి. ఇరవై నాలుగు వరసలు, వరసకి నలభై రెండు. దివ్యంగా ఉంటుంది."

"ఎవరిది తీసేది?"

ఆయన ఒక రాయిని కాలితో చూపించాడు. దాని మీద పేరు లేదు. 'పసిబిడ్డ' అని మాత్రం ఉంది.

"దీని కోసం అడిగేవాళ్ళెవరు?"

"బాబూ, ఆ బిడ్డ జోలికి పోకండి."

అందరూ తిరిగి చూశారు. రోజూ వచ్చి రాళ్ళ మీద దుమ్ము తుడిచిపోయే ముసలాయన. ఎవరో ఏమిటో తెలీదు. దుమ్ము తాత అనేవారు. ఒకే ఇంటిపేరున్న నాలుగు రాళ్ళ దగ్గర ఎక్కువసేపు కూర్చునేవాడు. ఇప్పుడు అందులోంచి ఒకటి పక్కకి లాగాడు.

"ఇది తియ్యండి. ఈ మనిషి కోసం ఎవరూ రారు."

"నీకేమవుతాడు?"

"ఎరిగినవాడే. ఏమీ అనుకోడు."

"గోడలో నీకేదో వాటా ఉన్నట్టు పంచేస్తున్నావే తాతా!" అని మేస్త్రి నవ్వాడు.

తాత నవ్వలేదు. "పారెయ్యకు నాయనా. దాచిపెట్టు. దీనికీ ఎక్కడో చోటు దొరక్కపోదు."

"సరే, నీకో రాయి బాకీ."

గోడ లేచింది. వరసలు చక్కగా కుదిరాయి. మిగిలిన మూడు రాళ్ళనీ తుడవడానికి తాత వస్తూనే ఉన్నాడు. ఎవరూ పలకరించలేదు. నాలుగోది మేస్త్రి పాకలో గోనెసంచి కింద పడివుంది.

కొన్నేళ్ళకు ఒకావిడ మేస్త్రిని వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నా, మా ఇంట్లో అద్దెకుండే పెద్దాయన పోయారు. సమాధికో రాయి చెక్కివ్వాలి. రోజూ గోడ దగ్గరికొచ్చేవారు, చూసే ఉంటావు."

"దుమ్ము తాతా? అయ్యో! నా అన్నవాళ్ళు లేరా?"

"ఉంటే నేనెందుకొస్తానన్నా?"

మేస్త్రి ఉలి అందుకున్నాడు. "పేరు చెప్పమ్మా."

ఆవిడ ఇంటిపేరుతో సహా చెప్పింది.

ఉలి కింద పెట్టేశాడు.

"ఏమైందన్నా?"

"లెక్క మొదట్నుంచీ తెగేదేనమ్మా. మేమే చూడలేదు."

పాకలోకి వెళ్ళి గోనెసంచి తీశాడు. వరదలో బతికి బయటపడి, భార్యాపిల్లల పక్కన తన చోటుని ఓ పసిబిడ్డకి వదిలేసిన మనిషి పేరు మీద దుమ్ము తువ్వాలుతో తుడిచి, మేస్త్రి ఆ రాయిని భుజానికెత్తుకున్నాడు.