స్టీరింగ్ దొంగ

సుత్తి గురి తప్పి ప్రభాకర్ బొటనవేలి మీద పడింది.

"అబ్బా! దీని దుంపతెగ!" అంటూ వేలు నోట్లో పెట్టుకున్నాడు. పాత ట్రాక్టర్ మాత్రం తనకేమీ పట్టనట్టు నిలబడే ఉంది. పొద్దున్నుంచీ దానికి కిరసనాయిలు పోశాడు, గుడ్డ చుట్టి మంట పెట్టాడు, ఊళ్లో ఉన్న పానాలన్నీ అడుక్కొచ్చాడు. నట్లన్నీ వచ్చాయి. స్టీరింగ్ బాక్సు పక్కన వేలాడే ఇనుప చెయ్యి మాత్రం తుప్పుపట్టి షాఫ్టుకు అతుక్కుపోయింది. అది ఊడితేగాని బాక్సు పైకి లేవదు.

"మంచిగ నడిచేదాన్ని పాడుచేస్తివి గదయ్యా" అంది భార్య కళావతి.

"నడిచేదాన్నే పాడు చెయ్యాలె. గిది గూడ సమజైతలేదా నీకు? రేపు దూలయ్య మామ వచ్చి పంపకం చేస్తడు. పెద్దోణ్ని గాబట్టి పాళ్లు పెట్టేది నేను. ముందుగాల కోరుకునేది చిన్నోడు. ఒక పాలు ట్రాక్టర్. ఇంకో పాలు ఎడ్లు, బండి, ఆయిల్ ఇంజను. ట్రాక్టర్ మంచిగుంటే వాడు ఎడ్లను కోరుకుంటడా?"

"స్టీరింగ్ లేకుంటే?"

"పాత ఇనుమనుకొని ఎడ్లను తోలుకపోతడు. తెల్లారి నేను బాక్సు బిగించుకుంట. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలుకుంట బతుకుత."

"బాలకృష్ణకు అనుమానం రాదా?"

ప్రభాకర్ పడీ పడీ నవ్వాడు. అతని లెక్కలో లోకం మొత్తానికి తెలివైనవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ తానే. ఇక తమ్ముడంటే మరీ చులకన. ఏళ్ల తరబడి ఆ ట్రాక్టర్ తోలుతున్నది తమ్ముడే అయినా, దాని గురించి కూడా తనకే ఎక్కువ తెలుసని అతని నమ్మకం.

"వానికా, అనుమానమా! సెల్ ఫోన్ ఇస్తే తలకిందులు పట్టుకొని హలో అనేటోడు. పొద్దున సారపాక పోతా పోతా, 'అన్నా, స్టీరింగ్ సంగతి ఒకటి చెప్పాలె' అని నసుగుతుండు. 'నీ మొఖానికి స్టీరింగ్ సంగతి గూడనా, పోరా' అన్న. తల వంచుకొని పోయిండు."

"ఏందో చెప్పనియ్యకపోతివి."

"వాడు చెప్పుడేంది, నేను వినుడేంది!"

వేలికి గుడ్డ కట్టుకుంటూ కొట్టం వైపు చూశాడు. ఎడ్లు తీరిగ్గా నెమరు వేస్తున్నాయి. ప్రభాకర్ కళ్లు మెరిశాయి.

"ఎడ్లను ఇప్పు. గొలుసు కట్టి గుంజిద్దాం."

"వాటికేమన్న అయితే?"

"అయితే కానీ. రేపటికి అవి వాని ఎడ్లే గద!"

గొలుసు ఒక కొస ఇనుప చేతికి, ఇంకో కొస కాడికి కట్టారు. ప్రభాకర్ ముల్లుగర్ర ఎత్తి అరిచాడు. ఎడ్లు మోకాళ్లు వంచి గుంజాయి. గొలుసు బిగుసుకుంది. ట్రాక్టర్ కిర్రుమంది. మళ్లీ అదిలించాడు, తిట్టాడు, పొడిచాడు. ఫట్టుమని చప్పుడై ఇనుప చెయ్యి ఊడి ఎగిరి కోళ్లగూటి మీద పడింది. ప్రభాకర్ వెల్లకిలా పేడలో పడ్డాడు. పడీ నవ్వుతూనే ఉన్నాడు.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఆయాసపడుతూ బాక్సును మోసుకుపోయి గడ్డివాములో దాచారు.

మర్నాడు బాలకృష్ణ సారపాక నుంచి వస్తూ దూలయ్యను వెంటబెట్టుకొచ్చాడు. దూలయ్య ఊరికి పెద్దమనిషి. వస్తూనే ట్రాక్టర్ ముందు ఆగిపోయాడు.

"ఇదేంది ప్రభాకరా? దీని స్టీరింగ్ ఏది?"

"ఏం చెప్పాలె మామా! రాత్రి ఎవడో దొంగ ఊడబీక్కొని పోయిండు. మా నోట్ల మన్ను కొట్టిండు" అంటూ ప్రభాకర్ కండువాతో పొడి కళ్లు తుడుచుకున్నాడు. గుడ్డ కట్టిన వేలు కండువా కింద దాచుకున్నాడు.

బాలకృష్ణ ట్రాక్టర్ చుట్టూ తిరిగాడు. బాక్సు ఉండాల్సిన చోట తొంగి చూశాడు. చెయ్యి పెట్టి తడిమాడు. వాడి వాలకం చూసి ప్రభాకర్‌కు నవ్వు ఆగడం లేదు. వీడు కూడా ఒక మగాడే, వీడికి కూడా ఒక వాటా, అనుకున్నాడు.

"ఎడ్లను కోరుకోరా తమ్మీ. ఆ పాత ఇనుమేదో నా నెత్తినే పడనీ" అన్నాడు, గొంతులో ఎక్కడలేని త్యాగం నింపుకుని.

"వద్దన్నా. నాకు ట్రాక్టరే కావాలె."

ప్రభాకర్ ఒక్క అడుగు ముందుకు దూకాడు. "పిచ్చి లేసిందారా? స్టీరింగే లేదు!"

"ఉన్నదన్నా. ఆ పాత బాక్సు గేర్ల పండ్లు అరిగిపోయినయ్. నేడో రేపో ఏ వాగులనో పడేసేది. అందుకే నాకు పిల్లనిచ్చిన మామ ఎండాకాలంల బోనకల్ నుంచి మంచిది ఒకటి తెచ్చి ఇచ్చిండు. సారపాక షెడ్డుల పెట్టిన. పాతది ఊడక ఇన్ని దినాలు ఆగిన. నిన్న మెకానిక్‌ను బతిమిలాడితే, 'అది ఎవనితోని గాదు, పో' అన్నడు. నిన్న పొద్దున నీకు చెప్పబోయిన సంగతి గిదే."

పెరట్లో గడ్డివాము దగ్గర నిలబడ్డ కళావతి నెత్తి కొట్టుకుంది.

"అయితే ట్రాక్టర్ చిన్నోనికి, ఎడ్లు పెద్దోనికి. మాట అయిపోయింది" అన్నాడు దూలయ్య. "ఆ దొంగ ఎవడో గని నీకు మేలే చేసిండు పిలగా."

"అవ్ మామా. కనపడితే వాని కాళ్లు మొక్కుదామనే ఉన్నది" అని బాలకృష్ణ, కండువా చాటున ఉన్న బొటనవేలి కట్టును ఒక్కసారి చూసి, వంగి అన్న కాళ్లకు మొక్కాడు.