విజయకుమార్ ఆఖరి ఆట

“నోరు విప్పకండి మాస్టారూ! డాక్టర్ ఏం చెప్పాడు?” అంటూ అభినయ్ చేతులు అడ్డం పెట్టాడు.

విజయకుమార్ తెరిచిన నోరు మూసుకున్నారు. ఫ్లూ ఆయన గొంతును పూర్తిగా మింగేసింది. నోటుపుస్తకం లాక్కుని రాశారు: “రెండింటికి ఆట. నువ్వు పాడు.”

హామిల్టన్‌లో ఆ మధ్యాహ్నం ఆయన ఆఖరి ఒపేరా. ముసలి పూజారి వేషం. ఇరవై రెండేళ్ళ కిందట ఇదే ఊళ్ళో ఇదే వేషంతో ఆయన పేరు మొదటిసారి పత్రికలకెక్కింది. ‘నేల అడుగు నుంచి లేచిన గొంతు’ అని రాశారు. పై స్థాయికి ఎక్కనిది గొంతే కాదని చిన్నప్పుడు తెనాలిలో పద్యనాటకాలవాళ్ళు తరిమేస్తే, ఆ మంద్రస్వరంతోనే సిడ్నీ, లండన్, మిలాన్ గెలిచి వచ్చారు. రాజులు, పూజారులు, దయ్యాలు, ముసలి తండ్రులు. ఆ గొంతుకు రాసిన వేషం ఏదీ వదల్లేదు. ఒక్క ఆట కూడా మానలేదు. ఆరేళ్ళ కిందట ఎవరింట్లోనో భజనలో అభినయ్ గొంతు విని, పిలిచి మరీ శిష్యుణ్ణి చేసుకున్నారు.

స్టేజి మేనేజరు ప్రణీత తలుపు తోసుకొచ్చింది. “అంకుల్, ఏమని అనౌన్స్ చెయ్యను? జనమంతా మీ కోసమే వచ్చారు.”

“ఏమీ చెయ్యొద్దక్కా,” అన్నాడు అభినయ్. “మాస్టారు వేషం కట్టి నిలబడతారు. గడ్డం పెదాల్ని కప్పేస్తుంది. నేను తెర వెనక నుంచి పాడతాను. ఎవరికీ తెలీదు.”

“పిచ్చా నీకు? నీకేం మిగులుతుంది?”

“ఇది మాస్టారి రోజు. నా పేరెందుకు?”

విజయకుమార్ బల్ల మీద గుద్దారు. కాగితం చిరిగేంత ఒత్తి రాశారు: “వేషం నీది. పేరు నీది. బయట బోర్డు మార్చండి.”

ఆ పెద్దమనసుకు అభినయ్ కళ్ళు చెమర్చాయి. కాళ్ళకు దణ్ణం పెట్టబోతే ఆయన చటుక్కున వెనక్కి జరిగారు. ఇంకో చీటీ రాశారు: “మీ నాన్నని పిలువు.”

అభినయ్ నీరుగారిపోయాడు. తండ్రి అప్పారావు పాల ట్యాంకరు డ్రైవరు. భార్య పోయాక మనిషి మరీ ముళ్ళకంప అయ్యాడు. కొడుకు పాట వినడానికి ఒక్కసారీ రాలేదు. అయినా ఫోన్ చేశాడు.

“నాన్నా, మాస్టారికి గొంతు పోయింది.”

“పోయిందా? ఇన్నాళ్ళకా!”

“అలా మాట్లాడకు. రెండింటికి రా. ఆయన బదులు నేను పాడుతున్నా.”

“పాడుకో. నాకేంటి?”

“బోర్డు మీద నా పేరు వేస్తున్నారు.”

అవతల ట్యాంకరు ఇంజను ఆగింది.

“నీ పేరేనా? సరిగ్గా కనుక్కున్నావా?”

“ప్రణీతక్క ఇప్పుడే మారుస్తోంది.”

“వస్తున్నా.”

మాస్టారు పాడడం లేదని వినగానే హాలంతా గొణిగింది. ముందు వరసలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు కూడా. అభినయ్ ఊపిరి నింపుకుని మొదటి స్వరం అందుకున్నాడు. అది దిగింది, ఇంకా దిగింది, కుర్చీల చేతుల్లోకి పాకింది. గొణుగుడు ఆగిపోయింది. చివర జనం లేచి నిలబడ్డారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మాస్టారే.

బయట అప్పారావు పని బూట్లతోనే బోర్డు ముందు నిలబడి కొడుకు పేరు చదువుకుంటున్నాడు. విజయకుమార్ ఎదురువెళ్ళి రెండు చేతులూ జోడించారు. అప్పారావు మొహం తిప్పుకున్నాడు.

“నాన్నా! అంత పెద్దాయన దణ్ణం పెడుతుంటే!”

“పెట్టనీ.”

అభినయ్ సిగ్గుతో చచ్చిపోయాడు. “ఏమీ అనుకోకండి మాస్టారూ. ఆయనకి పాట విలువ తెలీదు.”

విజయకుమార్ తల అడ్డంగా ఊపి, ఒక చీటీ రాసి శిష్యుడి చేతిలో పెట్టారు.

“ఇరవై రెండేళ్ళ కిందట నా వేషానికి తెర వెనక నిలబడి పాడింది మీ నాన్నే.”