హాలండ్ వెళ్ళే బండి

బ్రిటన్ యూరప్ కూటమి నుంచి బయటికొచ్చాక, వేల్స్ తీరంలోని ఆల్చిప్పలను శుద్ధి చేయకుండా హాలండ్‌కు అమ్మకూడదని చట్టం అడ్డుపడింది. ఆల్చిప్పలు పట్టే ఇద్వల్ పడవా, అతని బావమరిది గెతిన్ పడవా ఒడ్డునే ఉండిపోయాయి. గెతిన్ బండి మాత్రం ప్రతి సోమవారం హాలండ్ ఓడ ఎక్కడానికి బయలుదేరేది.

"ఏ దొడ్డిదారి దొరికిందిరా నీకు?" అని ఇద్వల్ అడిగాడు.

"ఏదో తిప్పలు పడుతున్నాలే బావా" అని నవ్వి తప్పుకున్నాడు గెతిన్.

ఆ నవ్వు ఇద్వల్‌కు పుండు మీద కారం చల్లినట్టయింది. "మా తమ్ముణ్ణి చూసి నేర్చుకో" అని భార్య అన్న రోజున ఇక ఓర్చుకోలేకపోయాడు. హాలండ్ రేవు అధికారులకు ఫోన్ చేసి, తన పేరు చెప్పకుండా, శుద్ధి చేయని ఆల్చిప్పలు తెస్తోందంటూ గెతిన్ బండి నంబరు చెప్పాడు.

ఆ వారం గెతిన్ మధ్యలోనే తిరిగొచ్చి అక్క వంటింట్లో కూలబడ్డాడు.

"బండి తెరిపించారే అక్కా. అందులో ఆల్చిప్పలెక్కడివి? నా బూట్లూ, వానకోటూ తప్ప! ఇదివరకు మన సరుకు కొన్న హాలండ్ ఆసామి పడవ మీద కూలికి పోతున్నాను. పర్మిట్ లేకుండా పనిచేస్తున్నావని పట్టుకుని, మళ్ళీ ఆ దేశంలో అడుగుపెట్టొద్దన్నారు."

"మాతో ఒక్క మాట చెప్పకూడదట్రా?"

"సొంత పడవున్నవాణ్ణి, కూలికి పోతున్నానని ఏ మొహంతో చెప్పనే?" గెతిన్ ఇద్వల్ వైపు తిరిగాడు. "బావా, నీకూ అక్కడ పని ఇమ్మని ఆసామిని బతిమాలుతూ ఉన్నా. మొన్ననే సరేనన్నాడు."

ఇద్వల్ బల్ల మీదున్న ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవడు చెప్పాడో తెలిసిందా?" అని అక్క అడిగింది.

"లేదే. ఈ తీరంలో బావకు తెలియనివాడెవడు? ఆయనే కనిపెడతాడు."