కంపెనీ మోకాళ్లు

రొయ్యల ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిన ఆడవాళ్లందరికీ కంపెనీయే కొత్త మోకాళ్లు వేయించింది. నొప్పన్నదే ఉండదు. సైరన్ కూస్తే చాలు, మనిషికి ఇష్టమున్నా లేకున్నా అవి లేచి పనికి నడుస్తాయి.

ఆదివారం సైరన్ ఉండదు. అందుకే గౌరీశ్వరి పెరట్లో పీట మీద కాళ్లు బారజాపుకుని కూర్చుని, చంటిపిల్లను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి నీళ్లు పోస్తోంది.

"నాను పోస్తానే, ఇలాగియ్యి," అంది అరుగు మీంచి అత్త పైడమ్మ. ఆపరేషన్ వద్దని మొండికేసి పాత మోకాళ్లతోనే ఈడ్చుకొస్తున్న మనిషి.

"కూకుంటే లెగలేవు నువ్వు. ఊరుకో అత్తా," అని నవ్వింది గౌరీశ్వరి.

రొయ్యల సరుకు ఒకరోజు ముందే వచ్చిందేమో, ఆదివారమైనా సైరన్ కూసింది.

మోకాళ్లు టక్కున ముడుచుకుని నిటారుగా లేచాయి. నూనె జిడ్డుకు పిల్ల చేతుల్లోంచి జారి బండ మీద పడింది.

"అత్తా! పిల్ల!"

పైడమ్మ లేవబోయింది. మోకాలి చిప్పల కింద ఎముకకు ఎముక రాసుకుని కూలబడింది. ఇక పాకడం మొదలుపెట్టింది.

గౌరీశ్వరి అప్పటికే వీధిలో ఉంది. పక్కింటావిడ అన్నం గరిటెతోనే నడుస్తోంది. పిల్ల ఏడుపు ఒక్కసారి వినబడితే చాలని, మెడ వెనక్కి తిప్పి చెవులు రిక్కించింది గౌరీశ్వరి. ఏమీ వినబడకముందే మోకాళ్లు ఆమెను మలుపు తిప్పేశాయి.